నాలుగు ముక్కల టికెట్టు

శుక్రవారం పొద్దున ఇంగ్లండు ఉత్తరాన డార్లింగ్టన్ స్టేషన్లో నిలబడ్డ నెడ్ లస్కూమ్ పథకం చాలా సాదాసీదాగా ఉంది. కాబోయే మామగారిని రైలెక్కించాలి, ఎక్సెటర్‌లో దింపాలి, మర్నాడు ఆయన కూతుర్ని పెళ్ళాడాలి. దారంతా అవసరానికి మించి నోరు విప్పకూడదు. ఈ చివరిదొక్కటే కష్టమని అతను అనుకున్నాడు. మిగతావి ఎంత కష్టమో పాపం అప్పటికి తెలియదు.

మామగారు విల్ఫ్ ఆల్డర్సన్ సామాన్యుడు కాదు. జీవితమంతా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆయన రైలుపెట్టెలో అడుగు పెడితే టికెట్టున్నవాళ్ళు కూడా కంగారుగా జేబులు తడుముకునేవారట. భార్య పోయాక కూతురు రోవెనాని ఒంటిచేత్తో పెంచాడు. అలా పెంచుకున్న పిల్ల ఎక్కడో దక్షిణాన సిటీబస్సు నడిపేవాణ్ణి చేసుకుంటాననేసరికి ఆయనకు మింగుడుపడలేదు. రైలు మనిషికి బస్సు అల్లుడా!

"వస్తాను. కానీ ఆ అబ్బాయే వచ్చి నన్ను తీసుకెళ్ళాలి. దారిలో మనిషిని చూస్తాను. నచ్చాడా, పెళ్ళినాడు చర్చిలో నీ చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. నచ్చలేదా, ఎదురు రైలెక్కి ఇంటికొచ్చేస్తాను" అని కూతురికి ఫోన్లో చెప్పేశాడు.

రోవెనా కూడా ఆయన కూతురే. "నాన్న పక్కన లేకుండా నేను చర్చిలో అడుగు పెట్టను. నీ ఇష్టం, నెడ్" అంది. అంటే పెళ్ళి జరగడమా మానడమా అన్నది ఆ ఒక్క రైలు ప్రయాణం మీద ఆధారపడింది.

ఇక్కడ టికెట్ల సంగతి చెప్పాలి. డార్లింగ్టన్ నుంచి ఎక్సెటర్‌కి తిన్నగా ఒకే టికెట్టు కొంటే జేబుకి చిల్లు పడుతుంది. అదే దారిని చెస్టర్‌ఫీల్డ్, చెల్టెనమ్, టాంటన్‌ల దగ్గర ముక్కలు చేసి నాలుగు టికెట్లుగా కొంటే సగానికి కాస్త పైన తేలుతుంది. రైలు అదే, పట్టాలు అవే. ఎందుకలా అని మా రైల్వేవాళ్ళని అడిగిన వాళ్ళెవరూ ఇంతవరకు జవాబుతో తిరిగి రాలేదు. ఇందులో మోసం లేదు, నిబంధనలు ఒప్పుకుంటాయి. మధ్యలో దిగనక్కర్లేదు. కాకపోతే టికెట్టు ముక్కైన ప్రతి స్టేషన్లోనూ ఆ రైలు ఆగి తీరాలి. ఆగకుండా దూసుకుపోతే ఆ టికెట్లు చెల్లవు. అదీగాక ఒక్కో ముక్కకి ఒక్కో సీటు ఇస్తారు, అది ఒకే పెట్టెలో ఉండాలని ఎక్కడా లేదు.

పెళ్ళి ఖర్చుల్లో పీకల్దాకా మునిగిన నెడ్ ఇద్దరికీ ఇలాగే కొని, కోటు లోపలి జేబులో నారింజ రంగు అట్టముక్కల కట్ట పెట్టుకున్నాడు. తన తెలివికి మురిసిపోయి, ప్లాట్‌ఫాం మీదనుంచే రోవెనాకి ఫోన్ చేసి చెప్పాడు.

అవతల రోవెనా హడలిపోయింది.

"నెడ్, నాన్నకి చెప్పేశావా?"

"ఇంకా లేదు. ఎందుకు?"

"చెప్పకు! చచ్చినా చెప్పకు! మా బాబాయితో నాన్నకి మాటలెందుకు లేవనుకున్నావ్? ఇలాగే ముక్కల టికెట్లు కొన్నాడు. 'ఒక ప్రయాణానికి ఒక టికెట్టు, లేదంటే నడిచి పో' అన్నాడు నాన్న. సొంత తమ్ముడికే దిక్కులేదు, నువ్వెంత?"

నెడ్ కోటు గుండీలన్నీ పెట్టేసుకున్నాడు. అంతలో ఇస్త్రీ కోటు, టోపీ, మెరిసే బూట్లతో ఆల్డర్సన్ మెట్లు దిగి వచ్చాడు.

"నువ్వేనా? రైలెక్కడం అలవాటుందా, లేక చెయ్యెత్తి ఆపుదామని చూస్తున్నావా?" అన్నాడు పెద్దాయన.

"అలవాటేనండీ" అన్నాడు నెడ్. "టికెట్లు నా దగ్గరున్నాయండీ. మీరు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు."

ఆల్డర్సన్ ఏదో చెప్పబోయి, మర్యాదకి ఊరుకున్నాడు.

రైలు కిటకిటలాడుతోంది. సీట్ల పైన ఏ సీటు ఎవరిదో చూపించే దీపాలు ఆ వేళ వెలగడం లేదు. నెడ్ అందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఆల్డర్సన్ కోటు విప్పి తగిలించాడు. టోపీ పైన పెట్టాడు. టీ ఫ్లాస్కు, చీజ్ శాండ్విచ్‌లు, పేపర్లో పదకేళి, పెన్సిలు అన్నీ బల్లమీద వరసగా సర్దుకున్నాడు. చివరికి కాళ్ళు చాపి తృప్తిగా నిట్టూర్చాడు.

"అమ్మయ్య. ఇక ఎక్సెటర్ దాకా కదిలే పని లేదు."

నెడ్‌కి మాత్రం కదలక తప్పదని తెలుసు. చెస్టర్‌ఫీల్డ్‌లో ఈ సీట్లకి వేరేవాళ్ళు వస్తారు. వచ్చి, "క్షమించాలి, ఇవి మా సీట్లనుకుంటా" అంటారు. ఇంగ్లండులో అంతకన్నా భయంకరమైన వాక్యం లేదు. అది వినపడగానే ఆల్డర్సన్ టికెట్లు చూపించమంటాడు. చూస్తాడు. ఎదురు రైలెక్కుతాడు.

యార్క్ దాటింది, లీడ్స్ దాటింది. మామగారు అడిగిన ప్రతిదానికీ నెడ్ అవునండీ, కాదండీ అంటూ నెట్టుకొస్తున్నాడు. షెఫీల్డ్ వస్తుండగా స్పీకరు గరగరలాడింది. గార్డు గొంతు. రైలు ఆలస్యంగా నడుస్తోందనీ, సమయం కలుపుకోవడానికి చెస్టర్‌ఫీల్డ్‌లో ఆగకపోవచ్చనీ, అందుకు చింతిస్తున్నామనీ చెప్పింది.

నెడ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. ఆగకపోతే టికెట్లన్నీ చెత్తకాగితాలు. టికెట్టు లేకుండా ప్రయాణించిన నేరం, జరిమానా. అదీ ఎవరి ముందు!

"ఇప్పుడే వస్తానండీ" అని లేచి, పెట్టెల మధ్య గార్డుని పట్టుకున్నాడు. మార్సియా అని ఆమె కోటుమీద పేరుంది. భారీ మనిషి, నవ్వు మొహం.

"దయచేసి చెస్టర్‌ఫీల్డ్‌లో ఆపించండి!" అని రెండు చేతులూ జోడించినంత పని చేశాడు.

"అక్కడ దిగాలా బంగారం?"

"దిగనండీ."

"ఎవరన్నా ఎక్కుతున్నారా?"

"ఎవరూ ఎక్కరండీ."

"దిగేవాడు లేడు, ఎక్కేవాడు లేడు, కానీ ఆగాలి. చెస్టర్‌ఫీల్డ్ అంటే అంత ప్రేమ నేనెక్కడా చూళ్ళేదు" అంది మార్సియా.

నెడ్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పబోయాడు. అంతలో అద్దాల తలుపు అవతల ఆల్డర్సన్ మొహం కనబడింది. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"ఏం లేదండీ. ఊరికే అడిగాను" అని వెనక్కి వచ్చేశాడు.

"ఆ అమ్మాయితో ఏంటి అంతలా బతిమాలుతున్నావ్?" అన్నాడు ఆల్డర్సన్.

"రైలు చెస్టర్‌ఫీల్డ్‌లో ఆగుతుందా అని కనుక్కున్నానండీ."

"నీకెందుకు?"

"ఆ ఊళ్ళో చర్చి శిఖరం వంకరగా ఉంటుందటండీ. చూద్దామని."

ఆల్డర్సన్ పెన్సిలు కింద పెట్టేశాడు. ఆ తర్వాత పదకేళిలో ఒక్క గడి కూడా నింపలేదు.

ఏ మహానుభావుడి పుణ్యమో, రైలు చెస్టర్‌ఫీల్డ్‌లో ఆగింది. ప్రాణం లేచొచ్చేలోపే కిటికీలోంచి ఓ మొగుడూ పెళ్ళాం చేతిలో అట్టముక్కలతో తమ పెట్టె కేసే నడిచి రావడం కనిపించింది. నెడ్ ఒక్క ఉదుటున లేచాడు.

"ఆల్డర్సన్ గారూ, మనం వేరే సీట్లలోకి వెళ్దామండీ! వెనక్కి తిరిగి కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది!"

"రోజంతా బస్సు తోలేవాడివి, నీకు తిప్పుతుందా?"

"బస్సులో నేను ముందుకే చూస్తానండీ."

ఆల్డర్సన్ గొణుక్కుంటూ లేచాడు. ఫ్లాస్కు, శాండ్విచ్‌లు, పేపరు, టోపీ, కోటు, సంచులు అన్నీ మోసుకుని ఇద్దరూ రెండో ముక్క సీట్లున్న పెట్టెకి బయల్దేరారు. తెరిచి ఉన్న తలుపు దగ్గరికి రాగానే పెద్దాయన చెయ్యి నెడ్ మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"నువ్వు ముందు నడు. నేను నీ వెనకే ఉంటా."

కొత్త సీట్లలో నెడ్‌ని కిటికీ వైపు తోసి, తను దారి వైపు అడ్డంగా కూర్చున్నాడు. ఆయనకి టికెట్ల సంగతి తెలిసిపోయిందని నెడ్‌కి అనుమానం మొదలైంది. డెర్బీలో పైనున్న సీటు నంబరు సరిచూసుకుందామని కాస్త పైకి లేచాడో లేదో, మోకాలిమీద ఇనపగుండులా చెయ్యి పడింది.

"ఎక్కడికి?"

"కాళ్ళు తిమ్మిరెక్కాయండీ."

"కూర్చునే దులుపుకో."

టికెట్లు ఒకసారి ఒంటరిగా చూసుకుంటే తప్ప మనసు కుదుటపడదనిపించి, బతిమాలుకుని టాయిలెట్‌కి వెళ్ళాడు. గడియ పెట్టుకుని, అట్టముక్కలు సర్దుకుంటుంటే తలుపు మీద టకటకమంది.

"లోపలే ఉన్నావా?"

"ఉన్నానండీ!"

"అందులో కిటికీ ఏమన్నా ఉందా?"

"లేదండీ."

"మంచిది" అంది మామగారి గొంతు.

నెడ్ గడియ మళ్ళీ సరిచూసుకున్నాడు. కిటికీతో ఈయనకేం పని? తోసేద్దామనా?

బర్మింగ్‌హామ్‌లో అసలు ఉపద్రవం వచ్చింది. అక్కడ ఆ రైలు వచ్చిన వైపుకే మళ్ళి బయల్దేరుతుంది. అంతవరకు ముందుకి చూస్తూ కూర్చున్నవాళ్ళు అక్కణ్ణుంచి వెనక్కి చూస్తూ కూర్చుంటారు. ప్లాట్‌ఫాం ఎదురు దిక్కుకి జారిపోవడం మొదలెట్టగానే ఆల్డర్సన్ నెమ్మదిగా తల తిప్పాడు.

"ఇప్పుడు మనం వెనక్కే కూర్చున్నాం కదూ?"

"అవునండీ."

"తిప్పుతోందా?"

ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది తప్పదు. "కొద్దిగా" అన్నాడు నెడ్.

కొద్దిగా అని అతను అన్నాడే గానీ మొహం మాత్రం నిండుగా చెప్పింది. పొద్దుట్నుంచీ పడ్డ భయమంతా అక్కడే ఉంది. పాలిపోయి, చెమటలు పట్టి, పెదాలు ఆడుతున్నాయి. ఎదురు సీట్లో ఉన్ని అల్లుకుంటున్న పెద్దావిడ సూదులు పక్కన పెట్టేసింది.

"అయ్యో, ఈ అబ్బాయికి ఒంట్లో బాలేదు! జరగండి, నేను డాక్టర్ని. మిసెస్ ఓగ్డెన్."

"డాక్టరా? అమ్మయ్య" అన్నాడు ఆల్డర్సన్.

"పశువుల డాక్టర్ని. కంగారేం లేదు, తేడా తక్కువే." ఆవిడ నెడ్ పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, కనురెప్ప లాగి చూసింది, మెడ కింద చెయ్యి పెట్టింది. "నాడి గుర్రంలా పరిగెడుతోంది. పడుకోబెట్టండి!"

పెట్టె పెట్టెంతా కదిలింది. పరాయివాడితో వాతావరణం తప్ప మాట్లాడని జనం ఒక్కసారిగా బంధువులైపోయారు. ఒకాయన తన సీటు వదిలేశాడు. ఒకామె శాలువా కప్పింది. ఎవరో తియ్యటి టీ తెచ్చి నోటి దగ్గర పెట్టారు. చూస్తుండగానే నెడ్ రెండు సీట్ల మీద అడ్డంగా, తల మిసెస్ ఓగ్డెన్ ఉన్ని సంచి మీద, కాళ్ళు మామగారి ఒళ్ళో పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆ కాళ్ళని మామగారు వదలడం లేదు.

నెడ్ మనసులో ఒకటే గోల. రాబోయేది చెల్టెనమ్. ఈ సీట్లు అక్కడి దాకానే. అక్కడ మరొకరు వచ్చి, "క్షమించాలి" అంటారు.

"నాకు తగ్గిపోయిందండీ. చెల్టెనమ్ రాగానే లేచి పక్క పెట్టెలోకి వెళ్దామండీ" అన్నాడు నీరసంగా.

"చూశారా, మాట తడబడుతోంది" అంది మిసెస్ ఓగ్డెన్.

మార్సియా వచ్చింది. నెడ్‌ని చూడగానే గుర్తుపట్టి జాలిగా తలాడించింది. "చెస్టర్‌ఫీల్డ్ దగ్గరే అనుకున్నా, ఈ అబ్బాయిలో ఏదో తేడా ఉందని. ఏం భయపడకు బంగారం. డ్రైవరుకి చెప్పేశాను. చెల్టెనమ్ ప్లాట్‌ఫాం మీదకి అంబులెన్స్ వస్తోంది. నిన్ను ఆసుపత్రిలో చేర్చుకుంటారు."

"వద్దు! నాకు రేపు పెళ్ళండీ!"

"గుండె సంగతి తేలేదాకా ఒకట్రెండు రోజులు ఉంచుకుంటార్లే."

ఆల్డర్సన్ మొహం రాయిలా బిగిసింది. "నేనూ దిగుతాను. మంచం పక్కనే కూర్చుంటాను. అవసరమైతే మంచంతో సహా చర్చికి మోయిస్తాను."

నెడ్ చెవులకి అది బెదిరింపులాగే వినిపించింది. దూరంగా చెల్టెనమ్ ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి. చెప్తే మామగారు ఎదురు రైలెక్కుతాడు. చెప్పకపోతే తనని అంబులెన్స్ ఎక్కిస్తారు. రెంటిలోనూ రోవెనా చర్చి గుమ్మంలో ఒంటరిగానే నిలబడి ఉంది. ఆ దృశ్యం తట్టుకోలేక నెడ్ శాలువా విసిరేసి లేచి కూర్చున్నాడు.

"నాకేం జబ్బు లేదు! భయం! మీరంటే భయం! ముక్కల టికెట్లు కొన్నానండీ! నాకూ, మీకూ! చెస్టర్‌ఫీల్డ్‌లో ఒక ముక్క, చెల్టెనమ్‌లో ఒక ముక్క, టాంటన్‌లో ఒక ముక్క! ముక్కముక్కకీ సీటు మారుతుంది! అందుకే లేస్తున్నా, అందుకే తిప్పుతోందన్నా! అన్నీ అబద్ధాలే! చర్చి శిఖరం కూడా నాకక్కర్లేదు!"

జేబులోంచి లాగిన అట్టముక్కలు చేతుల్లోంచి జారి పెట్టెంతా చెదిరాయి.

"ఇంతకీ ఎంత తగ్గింది?" అంది మిసెస్ ఓగ్డెన్.

"సగం దాకా" అన్నాడు నెడ్ ఏడుపు గొంతుతో.

"నేను యార్క్ నుంచి మొత్తం కట్టానే!" అని వెనకనుంచి ఎవరో బాధగా మూలిగారు.

ఆల్డర్సన్ వంగి ఒక అట్టముక్క తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. నెడ్ కళ్ళు మూసుకున్నాడు.

"అంటే, నువ్వు చెస్టర్‌ఫీల్డ్‌లో దిగిపోవాలనుకోలేదా?"

నెడ్ కళ్ళు తెరిచాడు. "చెస్టర్‌ఫీల్డ్‌లో ఎందుకు దిగుతానండీ?"

"షెఫీల్డ్ నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నా." పెద్దాయన అట్టముక్కని నెడ్ చేతిలో పెట్టేశాడు. "స్టేషన్ వస్తే చాలు లేచి నిలబడతావు. తలుపు కేసి చూస్తావు. రైలాపమని గార్డు కాళ్ళావేళ్ళా పడతావు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెళ్ళి ఎగ్గొట్టి పారిపోతున్నావనుకున్నానురా! రేపు నా పిల్ల తెల్లగౌను వేసుకుని ఎదురుచూస్తుంటే, నువ్వు రావని ఏ మొహంతో చెప్పాలా అని చచ్చిపోతున్నాను. దాని తల్లి పోయినప్పుడు చెప్పింది కూడా నేనే. ఇంకోసారి అలాంటి కబురు నా నోటితో చెప్పలేను."

ఆయన జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదుకున్నాడు. పొద్దుట్నుంచీ తను ఎవరికి భయపడ్డాడో ఆ మనిషి తనకన్నా ఎక్కువ భయపడ్డాడని నెడ్‌కి అప్పుడు తెలిసింది.

"నేను పారిపోనండీ. రోవెనాని వదిలి ఎక్కడికీ పోను" అన్నాడు.

"తెలుస్తూనే ఉంది. పెళ్ళికి చేరడానికి ఇంత హైరానా పడ్డవాడు పెళ్ళి వదిలి ఎక్కడికి పోతాడు!" ఆల్డర్సన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "ముక్కల టికెట్టు మాత్రం సిగ్గుమాలిన పని. దాని సంగతి పెళ్ళయ్యాక తీరిగ్గా తిడతాను. చెల్టెనమ్ వచ్చేసింది, తర్వాతి సీట్లు ఏ పెట్టెలో? పద, ఎవరో వచ్చి క్షమించాలి అనకముందే లేద్దాం."

మార్సియా పరుగున వెళ్ళి అంబులెన్స్‌వాళ్ళకి నచ్చజెప్పింది. పెట్టెలో జనం మూటాముల్లే ఒకరి చేతిలోంచి ఒకరు అందించారు. టాంటన్‌లో మళ్ళీ సీట్లు మారాల్సి వస్తే ఆల్డర్సనే ముందు లేచి, పక్కవాళ్ళకి కూడా వినబడేలా, "మావి ముక్కల టికెట్లండీ" అని మొహం మాడ్చుకుని చెప్పాడు.

ఎక్సెటర్‌లో టికెట్టు దూరిస్తే తెరుచుకునే గేటు అవతల రోవెనా గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది. తండ్రి మొహం చూసి, నెడ్ మొహం చూసి, ఏదీ అర్థంకాక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడవకు. రేపు నీ చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నా. వీడు వస్తాడు, అది నా పూచీ" అన్నాడు ఆల్డర్సన్ గేటు ఇవతల నుంచే.

నెడ్ ఒక్కో అట్టముక్కా గేటులో దూర్చి చూస్తున్నాడు. గేటు ఒక్కోదాన్నీ తిరిగి ఉమ్మేస్తోంది. ఆల్డర్సన్ కోటు జేబులోంచి పాతబడిన తోలు పర్సు తీసి, గేటు మనిషికి ఒక చిన్న కార్డు చూపించాడు. ఆ మనిషి సెల్యూట్ కొట్టినంత పని చేసి పక్క తలుపు తెరిచాడు.

"అదేంటండీ?" అన్నాడు నెడ్.

"రిటైరైన ఉద్యోగుల పాసు. బతికున్నంత కాలం నాకు రైలు ఉచితం."

"మరి పొద్దున చెప్పలేదేమండీ!"

"కొనేశానన్నావుగా. కాదనడం మర్యాద కాదని ఊరుకున్నా" అని కూతుర్ని దగ్గరికి తీసుకుని నడిచాడు ఆల్డర్సన్.

మర్నాడు పెళ్ళి నిక్షేపంగా జరిగింది, తండ్రి చెయ్యి పట్టుకునే రోవెనా చర్చిలో నడిచింది. ఆ వారంలో నెడ్ ఖర్చులు రాసుకుంటూ గమనించాడు: తనొక్కడికే తిన్నగా ఒకే టికెట్టు కొనుంటే ఇద్దరి ముక్కలకన్నా చవగ్గా వచ్చేది.